ఉప్పు మానిన ఆరో రోజు

నవ్వినందుకు కూడా సంజాయిషీ చెప్పుకోవాలా ఈ ఇంట్లో, పెళ్ళయి ఇంకా నలభై రోజులు కాలేదు, మిద్దె మీద నిలబడితే ఎదురుగా వంతెన మీద రైలు, ఆ రైలు తలుపు దగ్గర తన మొగుడు భరణి, టిఫిను సంచి పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ, చూసి ఏ కొత్త పెళ్ళాం నవ్వకుండా ఉంటుంది, రోజూ ఎనిమిదీ నలభైకి ఆ ఒక్క క్షణం కోసమే వైదేహి మిద్దెక్కేది, ఇవాళ దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని దిగింది, మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నట్టున్నాయి, కింద వరండాలో అత్త అలమేలు బీన్సు చాట ఒళ్ళో పెట్టుకుని తలెత్తి చూస్తోంది, ఎవురితో నవ్వతా ఉండావు ఆడ, ఒక్కదానివే, అంది, మీ అబ్బాయితో అత్తా, రైల్లో పోతుంటే, అంది వైదేహి, రైలు అప్పుడే పోయిందే, నువ్వింకా నవ్వతానే ఉండావే, అంది అలమేలు, అదిగో ఆ చూపు, నుదుటి మీద చెయ్యి వెయ్యకుండానే జ్వరం ఎంతుందో చూసే చూపు, దాచి ఉంటే బాగుండేది, సంబంధం మాట్లాడేటప్పుడే నాన్న పరంధామయ్య మాధవరంలో తమ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు, కాలేజీ హాస్టల్లో పది రోజులు నిద్రపోకుండా గది గోడలకు రంగులేసిన సంగతి, తర్వాత మూడు నెలలు మంచం దిగని సంగతి, బైపోలార్ అన్న మాట, లిథియం మాత్రల మాట, నాలుగేళ్ళుగా వాటితో కుదురుగా ఉన్న మాట, అప్పుడు ఈ అలమేలే, దాందేముందన్నా, మా పిల్లకైతే చూసుకోమా, అంది, చూసుకోవడమంటే ఇదా, మాత్రల డబ్బా దేవుడి అల్మారాలో పెట్టి తాళం కొంగుకి కట్టుకుని, పొద్దున ఒకటి రాత్రి ఒకటి తీర్థంలా చేతిలో వెయ్యడమా, తను ఎం.కాం. చదివింది, మాత్ర వేసుకోవడం చేతకాదా.

వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరిచింది, చల్లగాలి ముఖానికి తగిలి ప్రాణం లేచొచ్చింది, గుడ్ల అరలో ఒక్కో గుంటలో ఒక్కో మల్లెపూల చెండు, మొక్కు రోజులు కదా, గుడ్లు లేవు, ఖాళీగా ఎందుకని రాత్రి భరణి సర్దాడు, పొదిగితే తోట వస్తుందేమో అన్నాడు, మళ్ళీ నవ్వు రాబోయింది, పెదవి కొరికి ఆపుకుంది, బయట చెవులున్నాయి, నీళ్ళ సీసా అందుకుంటే చెయ్యి గజగజలాడి మూత కింద పడి స్టవ్వు కిందికి దొర్లిపోయింది, వేళ్ళ చివర సన్నని వణుకు ఎప్పుడూ ఉండేదే, మందు వేసుకున్ననాటి నుంచీ ఉంది, అందుకే భరణి కాఫీ గ్లాసు ముప్పావే నింపి ఇస్తాడు, తన గ్లాసూ ముప్పావే పోసుకుంటాడు, ఎందుకని అడిగితే జత అంటాడు, కానీ ఇది ఆ వణుకు కాదు, మోచేతి దాకా ఎవరో పట్టుకుని కుదుపుతున్నట్టు, రెండు రోజులుగా ఇదే, రాత్రి నుంచి నాలుగుసార్లు బాత్రూముకి పరిగెత్తింది కూడా, ఎవరికీ చెప్పలేదు, చెప్తే ఏమంటారో తెలుసు, మళ్ళీ మొదలైందంటారు, వణికే చేతిని కొంగులో చుట్టి దాచుకుంది, బోర్లించిన ఉప్పు జాడీ తనని చూసి వెక్కిరిస్తున్నట్టుంది, కొత్త కోడలు కులదేవతకి పదకొండు రోజులు ఉప్పు ముట్టకుండా ఉండాలట, నేను చేసినా, మా అత్త చేసె, నువ్వూ చెయ్యి, అంది అలమేలు, సరేనంది తను, ఉప్పు తగ్గిస్తే మంచిదేగా, అందరూ అంటారుగా, చప్పిడి అన్నం, చప్పిడి పప్పు, చప్పిడి మజ్జిగ, ఈ చిత్తిరై నెల ఎండలో ఒళ్ళంతా చెమట, తలనొప్పి అంటే అత్త తన మోకాళ్ళ నొప్పి మాత్ర ఇచ్చింది, మూడు రోజులుగా పూటకొకటి ఇస్తోంది, ఇచ్చిందల్లా మింగడమే తన పని, మింగు, నవ్వకు, మింగు, ఎంత బాగుంది కాపురం.

అలమేలు వచ్చింది, ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇదో వీడే చెప్తా ఉండాడు ఇను, అని ఫోను చెవి దగ్గర పెట్టింది, భరణి గొంతు, వెనక రైలు చప్పుడు, వైదేహీ, అమ్మ భయపడతా ఉంది, నువ్వు తూలతా ఉండావంట, ఒక్కదానివే నవ్వతా ఉండావంట, ఇవాళ్టికి ఇంకొకటి వేసుకోరాదా, సాయంత్రం వచ్చి మాట్లాడతా, అన్నాడు, ఒక్కదానివేనంట, సంచి ఊపిందెవరు, నన్ను చూసే నవ్విందమ్మా అని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలతాయా, ఈ మనిషి కోసమా తను ఎండలో మిద్దెక్కింది, ఒంట్లో మంట భగ్గుమంది, ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది, కొడితే ఇక చెప్పేదేముంది, వాళ్ళు అనుకున్నదే నిజమవుతుంది, పట్టు, అంది అలమేలు అరచెయ్యి చాచి, అల్మారాలోంచి తీసిన తెల్లటి లిథియం మాత్ర, పొద్దున ఒకటి వేసినారుగా అత్తా, అంది వైదేహి, వేసినా, చాలలేదు, కళ్ళు చూడు ఎట్టుండాయో, పట్టమ్మా, నీ మంచికే, ఆ మంచి పేరు చెప్పి ఈమె తన గొంతులో ఏమైనా పోస్తుంది, తను నవ్వడం మానేసేదాకా పోస్తూనే ఉంటుంది, వేసుకోను అంటే పిచ్చిది మొండికేసింది అంటారు, వేసుకుంటే, వేసుకుంటే ఏమవుతుంది, పడుకుంటుంది, అంతేగా, పడుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఇస్తే ఇవ్వండి, చూద్దాం, చేతిలోకి తీసుకుంది, అరచేతిలో మాత్ర ఎగిరెగిరి పడుతోంది, నోటి దాకా తెచ్చింది, నుదుటి మీంచి చెమట చుక్క జారి, ముక్కు పక్కగా జారి, పై పెదవి మీద ఆగింది.

నాలిక తగిలింది, ఉప్పన, ఆరు రోజుల తర్వాత ఉప్పన, ఎంత బాగుందో, కళ్ళు మూసుకుని ఇంకోసారి నాకింది, చిన్నప్పుడు మెరీనా అలల్లో నోట్లోకి పోయిన నీళ్ళు, నాన్న చేతిలో మామిడికాయ ముక్క మీద కారం ఉప్పు, ఉప్పు, ఉప్పు గురించి ఎవరో ఏదో చెప్పారు, డాక్టరమ్మ జనని, పెళ్ళికి ముందు ఆఖరిసారి వెళ్ళినప్పుడు, పెన్నుతో బల్ల మీద కొడుతూ, విన్నావా వైదేహీ, ఈ మందుకీ మీ వంటింటి ఉప్పుకీ లంకె ఉంది, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయినా మందు బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది, నన్నడగకుండా నొప్పి మాత్రలు వద్దు, చెయ్యి గట్టిగా వణికినా, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా, మాట ముద్దయినా, తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రా, రక్తంలో మందెంతుందో చూడాలి, ఒక్క రోజు కూడా ఆగొద్దు, తను తల ఊపింది, తల ఊపుతూ పెళ్ళిచీరకి మామిడిపిందెల అంచా గోపురం అంచా అని ఆలోచించింది, చెయ్యి, విరేచనాలు, నడక, అత్తా, అంది వైదేహి, ఆ మాట తనకే ముద్దగా వినిపించింది, నాలిక వేరెవరిదో నోట్లో పెట్టినట్టు, మాట, అది కూడా, నాలుగూ అయ్యాయి, మాత్రని గట్టు మీద పెట్టింది, వణికే చేతిని కొంగులోంచి తీసి అత్త ముఖం ముందు చాచింది, ఇది చూడండి, రెండు రోజులుగా ఇట్టనే ఉంది, జబ్బు కాదు అత్తా, మందు ఎక్కువైంది, ఉప్పు లేక, ఆటో పిలవండి, ఆయన్ని ఆసుపత్రికే రమ్మనండి, అలమేలు ఆ చేతిని చూసింది, ఇన్ని రోజుల్లో మొదటిసారి ముఖం కాకుండా చేతిని చూసింది, అయ్యో నా తల్లీ, ఉప్పుకేనా, నేనేనా, అంది, గ్లాసు గట్టు మీద పెట్టబోతే నీళ్ళు ఒలికాయి, ఫోన్లో భరణి, అమ్మా, ఏమైందమ్మా, దిగిపోతా ఉండా, వచ్చేస్తా ఉండా, అని అరుస్తున్నాడు, అత్త మీద కోపం పోలేదు, పోదు కూడా, ఆటోలో కూర్చున్నాక కూడా ఉంటుంది, కానీ ఆ కోపం మధ్యలో ఒకటి మాత్రం తేటగా కనిపించింది, ఆరు రోజులుగా ఈ ఇంట్లో అందరూ తన నవ్వుకే కాపలా కాశారు, చేతిని ఎవరూ చూడలేదు, ఆ నవ్వుని కాపాడుకోవడానికి చేతిని కొంగులో దాచింది మాత్రం తనే.