జనార్ధన్ సార్ నోట్స్

"సంధ్యా, గీ నాలుగు ముక్కలు జర సాఫ్‌గ రాసిపెట్టు, రేపు కోచింగ్ సెంటర్‌ల బ్యాచ్‌కు పంచాలె" అని మా ఆయన జేబుల కాయితం తీసి టేబుల్ మీద పడేసి స్నానానికి పోయిండు.

నాలుగు ముక్కలంటె నిజంగనే నాలుగు ముక్కలు. 'అత్య. – 3 ర. – యుద్ధం, రాష్ట్ర., ఆర్థి.' గంతే. దీంట్లకెల్లి నేను ఎనిమిది పేజీలు తియ్యాలె. అత్యవసర పరిస్థితి అంటె ఏంది, ఎవరు పెడతరు, ఎప్పుడు పోతది, అన్నీ నిండు వాక్యాలల్ల, ఊరికెల్లి ఒచ్చిన పిల్లకు ఒక్కసారి చదివితె ఎక్కేటట్టు. నేను ఎమ్మే చదివినదాన్నే, పుస్తకాలు ముందటేసుకొని రాస్త. కాయితం మీద లేని మాటలు ఏడికెల్లి ఒస్తున్నయో ఆయన ఎన్నడు అడగలె. దిల్‌సుఖ్‌నగర్‌ల ఏ జిరాక్స్ షాపుకు పోయినా నా పేజీలే, పైన 'జనార్ధన్ సార్ నోట్స్' అని. ఎవరన్న అడిగితె "మా ఆవిడ చేతిరాత మంచిగుంటది" అంటడు. మా అత్తమ్మయితె "కూసొని రాసుడేనాయె, నాట్లేసినట్టా" అంటది. పప్పు మాడిందంటె మటుకు తప్పు ఆ రాతలదే.

మొన్న అంబిక అని హాస్టల్ పిల్ల నౌకరి ఒచ్చిందని మిఠాయి పట్టుకొని ఇంటికొచ్చింది. "మీ నోట్స్ చదువుతుంటె ఎవరో పక్కన కూసొని చెప్తున్నట్టే ఉంటది సార్" అన్నది. ఆయన నవ్వి "పదిహేనేండ్ల అనుభవం తల్లీ" అన్నడు. నేను చాయ్ కప్పులు వాళ్ల ముందట పెట్టి లోపలికి పోయిన. అలసిపోయిన మనిషికి కోపం గూడ నిదానంగనే ఒస్తది.

ఆ పిల్ల పోయినంక చెప్పిన, నేను గూడ ఈసారి గ్రూప్ టూ రాస్త, ఇది తప్పితె వయసు దాటిపోతది అని. "నువ్వు చదువుకుంట కూసుంటె నోట్స్ ఎవరు రాస్తరు?" అన్నడు. 'నీతోని కాదు' అని మటుకు అనలె. అయితదని ఆయనకు ఎరుకే. గదే నాకు ఎక్కువ గుచ్చుకున్నది. నిన్న ఎల్బీనగర్ పోయి నెట్ సెంటర్‌ల దరఖాస్తు పెట్టి ఒచ్చిన.

ఇయ్యాల తెల్లకాయితం తీసి పైన ఆయన పేరు రాసిన. కింద ఆయన రాసింది రాసినట్టు దింపిన, పొల్లు పోకుండ. సగం పేజీ గూడ నిండలె.

తల తుడుచుకుంట ఒచ్చి చూసిండు. "ఏందిది? మిగతాది ఏది?"

"మీరిచ్చింది గింతే."

"పిల్లలకు ఏం సమజైతది గిట్లిస్తె?"

"మీరు చెప్పుండ్రి. సారు మీరే గద."

నేను ఇంకో కాయితం తీసి 'అత్యవసర పరిస్థితి అంటే' అని మొదలుపెట్టిన. చూసి ఆయన ముఖం తేటపడ్డది.

"ఆ, గట్ల రాయి" అన్నడు.

"ఇది నా పరీక్షకు" అన్న, తల ఎత్తకుండ.