కథ వద్దు, మాటలు చాలు

గ్రీజును నట్టేట ముంచినవాడు సుద్దముక్కే. బస్సుల షెడ్డులో ఇంకెవరూ ఆ మాట ఒప్పుకోరు గానీ, గ్రీజు మాత్రం కట్టె కాలేదాకా అదే చెబుతాడు. సుద్దముక్క అతనికి స్వయానా తోడల్లుడు, బళ్లో పంతులు. నాలుగు అక్షరాలు ఎక్కువ వచ్చిన పాపానికి ఎవరితో మాట్లాడినా కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడతాడు.

గ్రీజు ఆరో తరగతిలో బడి మానేసి ఇంజన్ల కింద దూరాడు. తల నెరిశాక షెడ్డులో పెద్ద మేస్త్రీ ఉద్యోగం ఖాళీ అయింది. పనంతా చేతిలో ఉంది, పదో తరగతి కాగితమే లేదు. పాసైతే మేస్త్రీ. మేస్త్రీ అయితే బ్యాంకు అప్పు. అప్పొస్తే, పెళ్లాం గాజులమ్మి బయానా ఇచ్చిన ఇంటిస్థలం చేతికొస్తుంది. లేకపోతే బయానా తిరిగి రాదు.

లెక్కలూ గిక్కలూ ఎలాగో గట్టెక్కాయి. భాషా పరీక్షకు ఒక పాత యుద్ధనవల పెట్టారు. చదవబోతే వాక్యానికో రాయి పంటికింద పడింది.

"నీకు కథెందుకోయ్?" అన్నాడు సుద్దముక్క. "కఠినపదాలు బట్టీ పట్టు, మార్కులన్నీ వాటికే. కథలు చదివే మొహమా నీది?"

"సరే అన్నయ్యా," అన్నాడు గ్రీజు. ఆ మొహం మాట లోపల ముల్లులా దిగినా, అవసరం తనది.

ఇక బస్సు కింద పడుకుని క్షతగాత్రుడు, కందకం, దుర్భేద్యం, హతశేషులు అని గొణుక్కునేవాడు. ఇంజను విప్పినప్పుడు సామాన్లు కడిగి గుడ్డ మీద పరిచినట్టు, ఒక్కో మాటనూ తోమి పక్కన పెట్టుకున్నాడు. షెడ్డులో వాళ్లకు అదో వినోదం.

"ఏరా గ్రీజు, ఈ బోల్టు దుర్భేద్యమా?"

"నీ బుర్రంత కాదు లే."

ఇంట్లో ఆ నవల ఊరికే పడుంటే పెళ్లాం చదివేసింది. ఒక సాయంత్రం కళ్లొత్తుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమండీ, ఆ సిపాయి ఏం చేశాడో తెలుసా..."

"చెప్పకు. మాటలన్నీ కలిసిపోతాయి."

"రెండు ముక్కల్లో చెబుతానండీ."

"మీ బావగారు వద్దన్నాడు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

ఆమె పుస్తకం మూసి లోపలికి పోయింది.

పరీక్షలో కఠినపదాలు ఓ మూలన కాసిని ఇచ్చారు. అన్నీ రాశాడు. మిగతా కాగితమంతా ఒకటే ప్రశ్న: వంతెన దగ్గర సిపాయి తీసుకున్న నిర్ణయం సరైనదేనా? చర్చించండి.

ఏ వంతెనో, ఏం నిర్ణయమో గ్రీజుకు తెలియదు. నేర్చిన మాటలన్నీ కుమ్మరించాడు. దుర్భేద్యమైన వంతెన మీద క్షతగాత్రుడైన సిపాయి, హతశేషులను వెంటబెట్టుకుని క్షేమంగా ఇల్లు చేరాడనీ, ఆ నిర్ణయం సరైనదేననీ రాశాడు. రాస్తుంటే తనకే ముచ్చటేసింది.

ఇంటికొచ్చి అదే చెప్పాడు.

"వంతెనని అతనే కూల్చేశాడండీ," అంది పెళ్లాం. "తన తమ్ముడు దాని మీదున్నాడని తెలిసి కూడా."

గ్రీజు చెప్పులు కూడా విప్పకుండా పంతులింటికి నడిచాడు.

"మాటలు నేర్పాను, వచ్చాయి కదా?" అన్నాడు సుద్దముక్క, కుర్చీలో వెనక్కి వాలి. "పుస్తకం నీ ఇంట్లోనే ఏడ్చింది. చదవొద్దని నీ చేతులు కట్టేశానా?"

గ్రీజు వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. దానికి జవాబు ఉండి ఉంటే ఇంత పగ ఉండేది కాదేమో.

ఫలితాలొచ్చాయి. అతని కింద పని నేర్చుకున్నవాడు మేస్త్రీ అయ్యాడు. గడువు దాటగానే స్థలం ఆసామి దాన్ని ఇంకొకరికి రాసిచ్చేశాడు. రెండు వైపులా రోడ్డున్న మూల బిట్టు, నూట నలభై రెండు గజాలు.