ఎడమ కళ్ళ చేప

మా పిన్ని ముప్పై ఏళ్ళుగా బజారులో చేపలు కోస్తోంది. బాబాయి ఇంటి ముందుగదిలోనే రబ్బరు స్టాంపులు చేస్తాడు. నేను వాళ్ళింట్లో ఉంటూ ఒక డిజిటల్ గ్రంథాలయానికి పనిచేస్తున్నాను. జంతువుల మీద, మొక్కల మీద వచ్చిన పాతకాలపు పుస్తకాలను వాళ్ళు పేజీ పేజీ ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెడతారు. ప్రతి బొమ్మలో ఏముందో రెండు వాక్యాల్లో రాయడం నా పని. తేనెటీగ అని వెతికినవాళ్ళకు తేనెటీగే దొరకాలి కదా.

ఆ మధ్యాహ్నం రెండువందల ఏళ్ళనాటి చేపల పుస్తకం తెరిచాను. పిన్ని బజారు నుంచి వచ్చి, నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుంటూ నా వెనక నిలబడింది. బొమ్మలకు రంగులు చేత్తో అద్దినవి. పొలుసు పొలుసుకీ వేరే మెరుపు.

"ఎవరో గానీ చేయి తిరిగినవాడే," అంది. నాలుగు పేజీలు తిప్పానో లేదో నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఆగాగు. ఇది మన చెప్పు చేప కాదూ?"

చెప్పు చేప నిజంగానే చెప్పు అడుగులా పల్చగా ఉంటుంది. ఇసుక మీద పక్కకు పడుకుని బతుకుతుంది. కిందివైపు తెల్లన, రెండు కళ్ళూ పైవైపే, అంటే దాని కుడిపక్కనే.

"అదే పిన్నీ. కింద రాసిన పేరు కూడా సరిపోయింది."

"పేరు సరిపోతే సరా? కళ్ళు పైకి, పొట్ట మనవైపు వచ్చేలా పెడితే దీని తల కుడిచేతి వైపుండాలి. ఇక్కడ ఎడమవైపుంది. నీ బొమ్మలవాడు పప్పులో కాలేశాడు."

బాబాయి చెక్కుతున్న రబ్బరు ముక్క మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "వాడు కాదేమోనే, అచ్చువాడు వేసుంటాడు. రాగిరేకు మీద బొమ్మను ఉన్నదున్నట్టు చెక్కితే కాగితం మీద తిరగబడి పడుతుంది. నేను అక్షరాలు తిరగేసి చెక్కేది అందుకేగా. కొత్తలో ఒక డాక్టరుగారి పేరు సూటిగా చెక్కి ఎన్ని చీవాట్లు తిన్నానో!"

నాకు నచ్చింది. 'అచ్చులో తిరగబడిన బొమ్మ' అని రాయబోయాను. పిన్ని ఊరుకోలేదు.

"అలాగైతే మిగతావీ తిరగబడాలిగా. నత్తగుల్లలున్నాయేమో చూడు."

పుస్తకం చివర ఉన్నాయి. నత్తగుల్లను మొన పైకి పెట్టి పట్టుకుంటే దాని నోరు దాదాపు ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. పంతొమ్మిది గుల్లలు చూశాం. పంతొమ్మిదికీ కుడివైపే.

"అచ్చువాడికి పనొచ్చు," అని బాబాయి ఒప్పుకున్నాడు, కాస్త చిన్నబోయి.

"మరైతే బొమ్మలవాడే తప్పు. అలాంటి చేప లేదు," అని పిన్ని తేల్చేసింది.

"మీ పిన్ని పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అన్నాడు బాబాయి నాతో.

"కుందేళ్ళ సంగతి నాకు తెలీదయ్యా. చేపల సంగతి తెలుసు."

నా పై అధికారిని అడిగితే, "సందేహమని రాసి వదిలెయ్యండి. ఇంకా నాలుగువేల బొమ్మలున్నాయి," అన్నాడు. రాశాను. కానీ ఆ చేప నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పుస్తకం ముందుమాటలో ఒక సంగతి దొరికింది. ఆ చిత్రకారుడు మన సముద్రం పక్కనే కాపురముండి, చేపలను బతికుండగానే చూసి గీసేవాడట. అసలు చిత్రాలను వేరే దేశపు గ్రంథాలయం ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టింది. అయితే రెండువందల పన్నెండు కాగితాలకీ కలిపి 'రకరకాల చేపలు' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంది. పేరుతో వెతికితే ఏం దొరుకుతుంది? మొదటి నుంచీ ఒక్కొక్కటే చూడాల్సిందే.

ఆదివారాలు బజారు మధ్యాహ్నానికే కట్టేస్తారు. పిన్ని వచ్చి పక్కన కూర్చునేది. నేను కాగితం తిప్పడం, ఆమె చేప పేరు చెప్పడం, నేను రాసుకోవడం. కొన్నింటికి బజారు తిట్లు కూడా జతచేసేది: "ఇది ముళ్ళముండ, దీన్ని తోమితే చేయి వాచిపోద్ది." మూడో ఆదివారం, నూట నలభై ఏడో కాగితం మీద మన చేప కనబడింది.

తల ఎడమవైపే ఉంది.

"చెప్పానా, వాడిదే తప్పు!" అంది పిన్ని.

చిత్రం కింద, నీటిచుక్కల మరకల మధ్య, వెలిసిపోయిన చేతిరాత ఉంది. ఈ పని కోసమే ఆ పాత రాత చదవడం నేర్చుకున్నాను. పెద్దది చేసి, కూడబలుక్కుంటూ పైకి చదివాను.

"పొద్దున బతికుండగా తెచ్చారు. కళ్ళు ఎడమవైపే ఉన్నాయి. మూడుసార్లు చూశాను, పొరబడలేదు. చేపలమ్మే ఆమెకు బొమ్మ చూపిస్తే తప్పు గీశానని నవ్వింది. చేపనే తెచ్చి చూపించాక మాట్లాడలేదు."

 పిన్ని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆవిడా నాలాగే నోరు పారేసుకుందన్నమాట!"

"కళ్ళు నెత్తికెక్కినవాళ్ళను చూశాను గానీ, అటుపక్కకెక్కినదాన్ని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు బాబాయి.

అలాంటి చేపలు ఎప్పుడో ఒకటి పుడతాయని పరిశోధకుల వ్యాసమొకటి దొరికితే చదివి వినిపించాను. పిన్ని నవ్వు ఆగింది. తన చేతులు చూసుకుంది.

"నా కత్తి కిందకీ వచ్చే ఉంటాయే. తోలు లాగేసి ముక్కలు కొట్టేశాను. చూసిందెప్పుడు?"

'సందేహం' కొట్టేసి, అసలు చిత్రానికి లంకె పెట్టి, కథంతా రాసి పంపాను. తల కుడివైపుండాలని ఎవరు చెప్పారని పై అధికారి అడిగాడు. చేపలు కోసే మా పిన్ని అన్నాను. "అయితే ఆ మాట కూడా రాయండి," అన్నాడు. ఆ రెండో గ్రంథాలయానికి పిన్ని చెప్పిన పేర్లు, తిట్లు తీసేసి, పంపించాను. చెప్పినావిడ మిగతా కాగితాలు కూడా చూస్తారా అని వాళ్ళు వారం తిరక్కుండా జవాబు రాశారు.

ఇప్పుడు పిన్ని ప్రతి చెప్పు చేపనూ బల్ల మీద సరిగ్గా పెట్టి చూశాకే కత్తి తీస్తుంది. "జాతకం చూస్తున్నావా వదినా?" అని పక్క బల్ల ఆమె ఆటపట్టిస్తోందట. ఎడమ కళ్ళది ఇంకా దొరకలేదు. దొరక్కపోవచ్చు కూడా.

మొన్న ఆదివారం వస్తూనే అడిగింది: "ఒసే, ఆ మిగిలిన కాగితాల్లో పీతలున్నాయా?"

ముప్పై కాగితాలున్నాయని చెప్పాను. కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి పీత కాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.