గొలుసుకు అటొకరు ఇటొకరు

రండర్రా, మంచు బూట్లు గుమ్మంలో విప్పేసి దగ్గరగా కూర్చోండి. వెనకవాళ్లూ జరగండి.

మన కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో కొలత గొలుసు పట్టేది ఓరిన్, డెల్బర్ట్ అనే అన్నదమ్ములు. పది గజాల గొలుసు, అటో కర్ర, ఇటో కర్ర. నాలుగు ప్రయత్నాల్లో జట్టు బంతి చేతపట్టుకుని పది గజాలు ముందుకు సాగిందా లేదా అని అనుమానమొస్తే రెఫరీ వాళ్లనే లోపలికి పిలుస్తాడు. ఆ గొలుసు పట్టుకుంటే ఒకరి ఒంట్లో ఏమవుతున్నా రెండోవారికి పాకేది. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు.

పన్నెండేళ్ల కిందట ఛాంపియన్‌షిప్ ఆటలో డెల్బర్ట్ కర్ర జానెడు జరిగింది, మనకి లాభంగానే. ఓరిన్ వెళ్లి రెఫరీకి చెప్పేశాడు. మనం ఓడాం. "నీకు తమ్ముడి కంటే కర్రే ఎక్కువ" అన్నాడు డెల్బర్ట్. ఆ రోజు నుంచి మాటల్లేవు. గొలుసు మాత్రం ఇద్దరూ వదల్లేదు. డెల్బర్ట్‌కి పన్ను సలిపితే ఓరిన్ దవడ పట్టుకుని, "ఆ పన్ను పీకించుకోమనండయ్యా వాణ్ణి!" అని పక్కవాళ్లతో అరిచేవాడు.

నిరుడు మళ్లీ ఛాంపియన్‌షిప్ ఆట. ఆఖరి నిమిషం, నాలుగో ప్రయత్నం. మనవాడు బంతితో సరిగ్గా పది గజాల గుర్తు దగ్గర పడ్డాడు. రెఫరీ చెయ్యి ఊపాడు. అన్నదమ్ములు గొలుసు పట్టుకుని లోపలికి నడిచారు. ఓరిన్ అరచేతిలో తమ్ముడి గుండె ఒకసారి కొట్టుకుంది. ఇంకోసారి. తర్వాత లేదు. డెల్బర్ట్ ఇంకా బంతివైపే చూస్తూ నడుస్తున్నాడు.

ఓరిన్ కర్ర పారేసి పరిగెత్తాడు.

"కర్ర! కర్ర!" అని స్టేడియమంతా గోల. తమ్ముడు ఒరిగేసరికి కింద అన్న చేతులున్నాయి. జట్టు డాక్టరు వచ్చి గుండె మీద నొక్కి ఊపిరి తెప్పించాడు.

ఆట సంగతా, లూథర్? మైదానం గీతకి సరిగ్గా గొలుసుకి ముందే బిగించిన గుర్తు చూసి, అదే గీత మీద మళ్లీ పరిచి కొలిచారు. రెండు వేళ్లు తక్కువ. మళ్లీ ఓడాం.

స్ట్రెచర్ మీద డెల్బర్ట్ కళ్లు తెరిచి, పన్నెండేళ్ల తర్వాత మొదటి మాట అన్నాడు.

"కర్ర వదిలేశావేంటన్నా?"

"వదిలాన్రా. పోయి రెఫరీకి చెప్పుకో."

ఇక లేవండి. ఇళ్లల్లో చిల్లీ కూర చల్లారిపోతోంది. దాల్చినచెక్క రొట్టె ఎవరికి పెద్ద ముక్క అని అన్నదమ్ములు కొట్టుకోకుండా తినండి, పొండి.