గుడ్డ కింద గ్లాసులు

చర్చిలో నెలకోసారి అందరికీ ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల గ్లాసులు కడగడం మామూలు అంట్లు తోమడంలాంటిది కాదు. బొటనవేలంత గాజు గ్లాసులు, లోపలికి వేలు దూరదు. పుల్లకి గుడ్డపీలిక చుట్టి లోపల తిప్పాలి, వేడినీళ్ళలో ముంచాలి, వెలుతురుకి ఎత్తి చూసుకోవాలి. ఎవరి పెదవి మరకైనా అంచున మిగిలిందంటే వారమంతా అత్తగారికి మరో మాట ఉండదు. నెలనెలా ఈ చాకిరీ పాస్టరమ్మది. పెళ్ళికి ముందు ఆమెకీ ఒక పేరుండేది. ఇప్పుడు సంఘంలో చిన్నాపెద్దా అంతా పాస్టరమ్మ అంటారు. భర్త కూడా నలుగురిలో అలాగే పిలుస్తాడు, నలుగురూ లేనప్పుడు "ఇదిగో" అంటాడు.

ఒకప్పుడు ఈ పని ఆమెకి ఇష్టంగా ఉండేది. ద్రాక్షరసం పోస్తూ, ఈ గ్లాసు తాగుడు మానలేని వడ్రంగిది, ఇది కొడుకుతో మాటల్లేని దర్జీ ముసలమ్మది అనుకుంటూ ఒక్కొక్కరి కోసం ప్రార్థించేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పోస్తున్నంతసేపూ దేవుడు పక్కనే నిలబడి వింటున్నట్టుండేది. ఏడో నెలలో బిడ్డ కడుపులో కదలడం మానేసినప్పటి నుంచి ఆ పక్కన ఎవరూ లేరు. ప్రార్థిస్తే మాటలు గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వస్తున్నాయి. కనీసం కోపమైనా వస్తే బాగుండేది. కోపం రావాలన్నా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా.

ఆసుపత్రి వరండాలో భర్త గంటల తరబడి మోకరించాడు. లోపల మంచం మీద ఉన్న ఆమె పక్కన మాత్రం కాసేపైనా కూర్చోలేదు. తర్వాతి ఆదివారమే దేవుని చిత్తం గురించి ప్రసంగించాడు. వినని వాళ్ళదే లోటు అన్నట్టు అందరూ మెచ్చుకున్నారు. ఆమె మటుకు వెనక గదిలో, తాగే బిడ్డ లేని పాలు పొంగి బట్టలు తడిసిపోతుంటే, ఎవరి పిల్లల్నో ఆడిస్తూ కూర్చుంది. "విశ్వాసం గట్టిగా ఉంటే ఇలా జరిగేదా అమ్మాయ్? ఉపవాసం ఉండమన్నాను, ఉన్నావా?" అంది అత్తగారు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. ఓదార్చడమంటే ఆవిడకి తెలిసిందల్లా తప్పు వెతికి చేతిలో పెట్టడమే.

కష్టమొస్తే అందరూ పాస్టరు గారి దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పాస్టరు గారి భార్యకి కష్టమొస్తే ఎక్కడికి పోవాలి? ఇంకో దారి లేక మొన్న ఆయనకే చెప్పుకుంది. "ఏమండీ, నాకు ప్రార్థన రావడం లేదండీ."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల తిప్పకుండానే అన్నాడు. "ఆ మాట బయట అనకు. కాపరి ఇంట్లోనే ఇలాగుంటే మంద ఏమైపోవాలి? అసలే అందరూ నీ మొహం చూసి ఏదేదో అనుకుంటున్నారు. ఈ ఆదివారం బల్ల అయ్యాక సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పు. దేవుడు నన్ను ఆదరించాడు, నా దుఃఖం తీసేశాడు. అంతే, రెండు ముక్కలు."

"తీసెయ్యలేదు కదండీ."

"విశ్వాసంతో అంటే అదే నిజమవుతుంది."

ఆ ఆదివారం ఇదే. ఆమె గ్లాసులు తుడుస్తోంది. ఆ రెండు ముక్కలూ అనేస్తే తనకి ఇక మిగిలేదేమీ లేదని ఆమెకి తెలుసు. దేవుడు దూరంగా ఉన్నాడు, సరే, ఎక్కడున్నాడో అని ఇంకా వెతుక్కుంటోంది. లేనిపోని మేలు ఆయన పేరిట చెప్పాక ఆయన్ని వెతకడానికి మొహం ఎక్కడుంటుంది? గ్లాసులు పళ్ళెంలో సర్ది ద్రాక్షరసం సీసా అందుకోబోయింది.

"అమ్మాయ్, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ఏ లోకంలో ఉన్నావు?" అని కేకేసింది అత్తగారు.

ఈగలు వాలతాయని పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి వంటింట్లోకి పరుగెత్తింది. పాలు దించి, పొయ్యి తుడిచి, భర్త కోటు దులిపి ఇచ్చి వచ్చేసరికి సంఘపెద్ద పళ్ళెం తీసుకెళ్ళిపోయాడు. గుడ్డ కప్పి ఉందంటే అన్నీ సిద్ధంగా ఉన్నట్టే లెక్క. ఆమె కూడా అలాగే అనుకుంది.

మామూలుగా బల్ల సమయానికి ఆమె వెనక గదిలో పిల్లలతో ఉంటుంది. "నువ్వు తర్వాత తీసుకోవచ్చులే" అంటాడు భర్త. ఆ తర్వాత అంటే అందరూ వెళ్ళాక, గ్లాసులు కడిగే తొట్టి దగ్గర, అడుగున మిగిలిన చుక్క. బిడ్డ పోయాక అదీ ముట్టలేదు. ఈరోజు సాక్ష్యం ఉంది కాబట్టి ముందు వరసలో కూర్చోబెట్టారు. భర్త గంభీరంగా గుడ్డ తీశాడు. గ్లాసులు తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు.

ఆయన చిరునవ్వు చెదరనివ్వలేదు. "మా పాస్టరమ్మకి మతిమరుపు. ఆడవాళ్ళ బుర్ర సగం వంటింట్లోనే ఉంటుంది కదా." మగవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే బాగోదని ఆడవాళ్ళూ నవ్వారు.

సీసా తెచ్చి, బల్లకి అవతల, భర్త నిలబడే పక్కన మొదటిసారి నిలబడి, ఆమె పొయ్యడం మొదలుపెట్టింది. ఎదురుగా వడ్రంగి తల దించుకుని కూర్చున్నాడు. దర్జీ ముసలమ్మ ఆమె చేతులకేసే చూస్తోంది. వాళ్ళ కోసం ఒక్క మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. పక్కన ఎవరైనా నిలబడ్డట్టు అనిపిస్తుందేమోనని చూసింది. ఎవరూ లేరు. అయినా చివరి గ్లాసు దాకా పోసింది.

"ఎలాగూ నిలబడ్డావు, ఆ సాక్ష్యమేదో ఇప్పుడే చెప్పెయ్" అన్నాడు భర్త మెల్లగా.

ఆమె సీసా కింద పెట్టింది. "బిడ్డ పోయినప్పటి నుంచి నాకు దేవుడు వినపడటం లేదు. నన్ను ఆదరించాడని చెప్పమన్నారు. ఆదరించలేదు. రోజూ పిలుస్తున్నాను, పలకడం లేదు. నా సాక్ష్యం ఇదే."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి వెక్కడం వినిపించింది. "కూర్చో" అన్నాడు భర్త పళ్ళ బిగువున.

ఆమె కూర్చోలేదు. పళ్ళెంలోంచి ఒక గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"నువ్వు తర్వాత..." అన్నాడాయన అలవాటుగా.

"తర్వాత దాకా ఉండలేనండీ. దేవుడు వచ్చాక తీసుకుందామని ఇన్నాళ్ళూ చూశాను. రాకపోయినా తీసుకుంటాను."

తాగి, ఆ గ్లాసు కడగకుండా బల్ల మీదే పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది.