పద్నాలుగో నంబరు వాల్వు

నీళ్ళకంటే ముందు గాలి వస్తుంది.

కుళాయి గొంతు సవరించుకుంటుంది. బుస్సుమంటుంది. రెండు తుప్పు చుక్కలు ఉమ్ముతుంది. ఆ తర్వాతే నీళ్ళు... వస్తే.

ఏ ఊళ్ళోనైనా అంతే. ఆమె ఎనిమిది ఊళ్ళలో విన్నది ఆ చప్పుడు.

మంచినీళ్ళ శాఖలో ఇంజనీరు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. ఊరు మారినప్పుడల్లా ఇల్లు మారింది, ఇంటి ఓనరు మారాడు, కూతురి బడి మారింది. మారనివి అట్టపెట్టెలు. ఒక పెట్టె మూడు ఊళ్ళుగా విప్పనే లేదు. అందులో పులి ఉందని కూతురు చిన్నప్పుడు నమ్మేది.

బద్ధకం అంటుంది ఆమె. భయం అంటే ఒప్పుకోదు.

విప్పితే ఆ ఊళ్ళో ఉన్నట్టు. ఉంటే — మళ్ళీ పీకాలి.

భర్త వేరే ఊళ్ళో, కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆరేళ్ళుగా ఆ సంసారం రైళ్ళ వేళల మీద నడుస్తోంది. నెలకో ఆదివారం వస్తాడు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియని చుట్టంలా వస్తాడు. కూతురు ఆయన్ను చూడగానే అడిగే మొదటి మాట — "నాన్నా, ఏ బండికి వెళ్తావు?"

ఆరేళ్ళు అర్జీలు పెట్టింది. ఇప్పటికి వచ్చింది ఆర్డరు.

ఆయనుండే ఊరికే బదిలీ.

వారం రోజులుగా ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు.

ఇవాళ సోమవారం. ఆఫీసు ముందు లారీ ఆగింది. పెట్టెలు అప్పటికే ఎక్కాయి. కూతురు డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. ఛార్జి అప్పగించి అటునుంచి అటే వెళ్ళిపోవాలి.

ఛార్జి లిస్టు అంటే ఊరి నీళ్ళ సామాను మొత్తం. ట్యాంకులు రెండు. పంపులు నాలుగు. వాల్వులు ఇరవై రెండు. వెళ్ళేవాళ్ళు ఉన్నాయని సంతకం పెడతారు. వచ్చేవాళ్ళు అందాయని సంతకం పెడతారు. పది నిమిషాల పని. ఊరంతా తిరిగి చూడాలంటే నాలుగు రోజులు. ఎవరు తిరుగుతారు? వచ్చినవాళ్ళకు స్నానం తొందర. వెళ్ళేవాళ్ళకు బండి తొందర.

ఆమే తిరగలేదు.

మూడేళ్ళ కిందట, సామాను ఇంకా వరండాలో ఉండగానే, కళ్ళు మూసుకుని పెట్టేసింది సంతకం.

ఎనిమిది నెలలకు తెలిసింది — పద్నాలుగో నంబరు వాల్వు లేదు.

చెడిపోలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. అసలు వేయలేదు. కాగితం మీద ఉంది. గుట్ట మలుపులో, అది ఉండాల్సిన చోట, ఉత్త మట్టి. దాన్ని కాసేపు మూస్తే కింది వీధులకు ఆగి, గుట్ట మీది వీధికి నీళ్ళు ఎక్కాలి. మూయడానికి అది ఉంటే కదా. నీళ్ళన్నీ కిందే అయిపోతాయి. గుట్ట మీద రోజూ గాలి మాత్రం వస్తుంది. ఆడవాళ్ళు బిందెలతో నూట నలభై మెట్లు దిగుతారు. నూట నలభై మెట్లు ఎక్కుతారు.

ఆ సంగతి చెప్పింది ఫిట్టరు. నేలకు ఇనుపకడ్డీ ఆనించి, కడ్డీకి చెవి ఆనించి, కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పే ముసలాయన. అందరికీ కడ్డీ తాత.

"ఇక్కడ వాల్వు ఎప్పుడూ లేదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీకు ముందు ఐదుగురొచ్చారు. ఒక్కరడిగితే కదా! సంతకాలు మీరు పెడతారు, గోతులు నేను తవ్వుతాను. ఎవరి పని వాళ్ళది."

కొత్తది అడగబోయింది. ఉన్నదానికి కొత్తదెవరిస్తారు? లేదని రాయాలి. లేదని రాస్తే — మరి ఉందని ఎలా సంతకం పెట్టావమ్మా, అంటారు. విచారణ వేస్తారు. విచారణలో ఉన్నవాళ్ళకు కోరిన చోటికి బదిలీ కల్ల.

నోరు మూసుకుంది.

రెండేళ్ళకు పైగా మూసుకుంది. సిగ్గేసేది. గుట్ట వైపు వెళ్ళడం మానేసింది. ఆ వీధి ఆడవాళ్ళు ఆఫీసుకొస్తే "చూస్తున్నామమ్మా" అనేది. ఫైలులో తల దూర్చేది. వాళ్ళు మెట్లు దిగొచ్చి అలసిపోయి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

కొత్త ఇంజనీరు పొద్దున్నే రైలు దిగాడు. భుజాన సంచీ. నలిగిన చొక్కా. లిస్టు ముందు పెట్టగానే జేబులోంచి పెన్ను తీశాడు. చదవలేదు.

తనూ అలాగే తీసింది... మూడేళ్ళ కిందట.

"ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

ఆమె వేలు సంతకం చోటికి వెళ్ళలేదు. పద్నాలుగు దగ్గర ఆగింది.

"ఇది లేదండీ."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మానేశాడు.

"పోనీలెండి మేడమ్. ప్రయాణం మీదున్నారు. నేను పెట్టేస్తాను. నేను వెళ్ళేటప్పుడు నాకూ ఎవరో ఒకరు పెడతారు."

మంచివాడే. ఆ మంచితనమే ఆరు సంతకాలు దాటి ఇక్కడిదాకా వచ్చింది.

బయట లారీ హారను మోగింది.

ఆమె పెన్ను అందుకుంది. ఆ వరుసను అడ్డంగా కొట్టేసింది. పక్కన రాసింది — లేదు. ఎప్పుడూ లేదు. తెలిసీ చెప్పలేదు.

సంతకం. తేదీ.

ఘనకార్యం చేసినట్టేమీ అనిపించలేదు. ఏడుపొచ్చింది. ఆరేళ్ళూ ఒక్క గీతతో చేజారినట్టే.

కొత్తాయన కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "అయితే నేను ఛార్జి తీసుకున్నట్టా... తీసుకోనట్టా?"

"పై ఆఫీసుకు ఫోన్ చేయండి. వాళ్ళు చెప్పేదాకా నేనూ కదలకూడదు."

ఆయన ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. ఎంగేజ్.

ఆమె వరండాలోకి వచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి కూతురు చెయ్యి ఊపుతోంది — రా, రా అని. ఒక మెట్టు దిగింది. ఆగింది. మళ్ళీ ఎక్కింది.

చేతిలో ఫోన్ మోగింది.

భర్తే.

"బయల్దేరారా? తలుపులకు రంగు వేయించాను, ఇంకా తడిగానే ఉంది, ముట్టుకోవద్దని పిల్లతో ముందే చెప్పు."

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.

ముందు ఊపిరి వచ్చింది.

"హలో... వినపడుతోందా? లారీ మన వీధిలోకి తిరగదు. నేను మలుపులో నిలబడతాను. ఎన్నింటికి నిలబడమంటావు?"