ఇంజన్ మింగిన మాట

సాలూరులో పొద్దున్నే లారీల ఎయిర్ ఫిల్టర్లు దులుపుతారు. దుమ్ముతో పాటు మాటలూ రాలతాయి. దారి పొడుగునా ఎవరో ఎవరినో తిట్టిన తిట్లు, సంతలో బేరాలు, ఊళ్ళో షికార్లు కొట్టే గాలి మాటలు. మెకానిక్ చినబాబు తన షెడ్డులో రాలినవాటిని చీపురుతో ఊడ్చి అవతల పోసేస్తాడు. కూర్చుని వినే ఓపిక ఎవరికుంది గనక!

ఆ శనివారం అతని స్నేహితుడు రాబర్ట్ కారు తెచ్చాడు. అద్దెకి తిప్పే కారు. కంపెనీ బిగించిన ఫిల్టరు డబ్బా నిక్షేపంలా ఉంటే అది పీకించేసి, డబ్బా లేని కొత్త ఫిల్టరు, లావుపాటి గొట్టం పెట్టించుకున్నాడు. బండి పులిలా గాండ్రించాలట! గాండ్రించింది. మర్నాటికల్లా ఇంజన్ లైటు వెలిగి కూర్చుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"కుదురుగా ఉన్న బండికి ఈ సోకేటిరా?" అన్నాడు చినబాబు.

"ముందు లైటు సంగతి సూడు మావా. నాకసలే మనసు బాగోలేదు."

ఎందుకు బాగోలేదో చినబాబుకి తెలుసు. నిన్న సాయంత్రం చర్చి గేటు దగ్గర షీబా కనిపిస్తే, కొత్త గాండ్రింపు ఇచ్చిన ధైర్యంతో రాబర్ట్ కార్లోంచే "నన్ను పెళ్ళి సేసుకుంటావా?" అని అడిగేశాడు. భయానికి కాలు యాక్సిలరేటరుని నొక్కేసింది, ఇంజన్ ఊరంతా వినబడేలా అరిచింది. షీబా తల వంచుకుంది. జవాబు లేదనుకుని, మొహం చెల్లక వెళ్ళిపోయాడు. ఇవాళ మధ్యాహ్నం గజపతినగరం వాళ్ళు షీబాని చూసుకోడానికి వస్తున్నారు. ఆమె నాన్న సీమోను వాళ్ళకి మాటిచ్చేస్తే ఇక అంతే.

చినబాబు స్కానర్ తగిలించాడు. "లోపలికెల్లే గాలికీ, బండి కడతన్న లెక్కకీ పొంతన లేదు."

క్లిప్పులు బిగించాడు. గొట్టం అంతా తడిమాడు, పగుళ్ళు లేవు. లైటు ఆర్పి స్టార్టు చేస్తే, మళ్ళీ వెలిగింది.

"అయితే గాలిని కొలిసే సెన్సరే. ఫిల్టరుకి నూనె ఎక్కువ రాసినావు, అది దీని తీగకి పట్టీసుంటాది."

విప్పి చూస్తే నిజంగానే జిడ్డు. ఆ జిడ్డులో ఇంకేదో ఇరుక్కుని ఉంది.

"మాటొకటి అతుక్కున్నాది," అన్నాడు చినబాబు, ఈగ పడిందన్నంత తేలిగ్గా. "నీ సోకు ఫిల్టరు మాటల్ని ఆపదు. గాలి మాటయితే ఇంజన్లో పడి మండిపోయేది. ఇది మనసులోంచి వచ్చిన మాట, మండదు."

కడగడానికి స్ప్రే డబ్బా అందుకుని, ముందు ఒకసారి ఉఫ్‌మని ఊదాడు.

"సేసుకుంటాను," అంది షీబా గొంతు. "రేపు ఆల్లొచ్చీలోపు నువ్వొచ్చి నాన్నకి సెప్పు."

"కొట్టకు మావా! స్ప్రే కొట్టకు!"

రాబర్ట్ అరుపుకి పక్క షెడ్డువాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. అబ్బ, ఏం సంతోషం! ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. పిల్ల ఒప్పుకుంటే తను వినకుండా వెళ్ళిపోయాడు! సెన్సరు గుప్పిట్లో పట్టుకుని చినబాబు మోటార్‌సైకిల్ వెనకెక్కాడు. బానెట్ తెరిచిన కారు అలాగే ఉండిపోయింది.

సీమోను ఇంట్లో గజపతినగరం వాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. టీ ట్రేతో వచ్చిన షీబా గుమ్మంలో రాబర్ట్‌ని చూసి ఆగిపోయింది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడెందుకొచ్చినావు? నిన్న నా మాటినీసి ఎల్లిపోనావు కదా."

"ఇన్లేదు షీబా! బండి మింగీసింది. ఇప్పుడే దొరికింది. మావయ్యా, మీరే ఊది సూడండి."

సీమోను బతుకంతా లారీ తోలిన మనిషి. సెన్సరుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫిల్టరుకి ఇంత నూనెవరు రాయమన్నార్రా?" అని మందలించి, ఊదాడు. కూతురి మాట గదిలో అందరికీ వినబడింది. ఆయన సెన్సరుని రాబర్ట్ చేతికిచ్చాడు. తర్వాత గజపతినగరం పెద్దాయనకి చేతులు జోడించాడు.

"ఏటీ అనుకోకండయ్యా. మా పిల్ల నిన్ననే మాటిచ్చీసింది. అది మాకు సేరడం ఆలస్యమైపోనాది."

"మాటంటే మాటే," అని పెద్దాయన టీ కప్పు అందుకున్నాడు.

షీబా ట్రే తండ్రి చేతికిచ్చి గుమ్మం దగ్గరికొచ్చింది. వీధిలో చినబాబు బండి ఇంకా స్టార్టులోనే ఉంది.

"ముందు ఆ ఇంజన్ ఆపమను," అంది. "ఆపి, మల్లీ అడుగు."

చినబాబు తాళం తిప్పాడు. రాబర్ట్ అడిగాడు.